వార్ధక్యమును జ్ఞాపకశక్తియు

ముదిమి వచ్చినపుడు మఱపు వచ్చుట సహజమేగదా యను మాట మన యిండ్లలో వినబడని దినము లేదు. పొరుగింటి పిల్లవాని పేరు నోటికి రాకపోయినను, కంటియద్దము లెచట నుంచినదియు జ్ఞప్తికి రాకపోయినను, పెద్దలు తామే నవ్వి యీ మాట చెప్పుకొందురు, పిన్నలును నవ్వుదురు. అంతవఱకు అందు తప్పేమియు లేదు. కాని అంగడికి పోయి కొనవలసిన సరకొకటి మఱచుట వేఱు. నలువదియేండ్లు నడచిన దారిలోనే ఆ యంగడినుండి యిల్లు చేరలేకపోవుట వేఱు. మొదటిది వయసుతో వచ్చు మందగతి; రెండవది వ్యాధి. ఈ రెంటికిని గల భేదమును గుర్తింపక, రెండవదానిని గూడ మొదటిదానివలెనే నవ్వి త్రోసివేయుట మన సంఘమునకు అలవాటైనది. ఆ యలవాటును విడువవలసిన కాలము వచ్చినదని మేము తలంచుచున్నాము.

2011 జనాభా లెక్కలనాటికే మన దేశమున అఱువదియేండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా నుండిరి. అట్టివారి జ్ఞాపకశక్తిని, బుద్ధిబలమును దేశవ్యాప్తముగా పరీక్షించి 2023లో ప్రకటించిన గణనమునుబట్టి, అఱువది దాటిన ప్రతి నూఱుగురిలో ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమంది, డిమెన్షియా యనబడు మతిక్షయవ్యాధితో నున్నారు. పట్టణములకంటె పల్లెలందును, పురుషులకంటె స్త్రీలయందును ఈ వ్యాధి హెచ్చుగా నున్నట్లు ఆ గణనమే తెలుపుచున్నది. ఇది పాశ్చాత్యుల వ్యాధియనియు, తిని కూర్చుండువారి వ్యాధియనియు తలంచువారికి ఈ యంకెలే సమాధానము.

1906లో జర్మనీదేశపు వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్, మతి చెడి మరణించిన యొక స్త్రీ మెదడులో తాను చూచిన మార్పులను తోడివైద్యుల సభలో వివరించెను. నాటినుండియు ఈ వ్యాధి మూలమును శాస్త్రజ్ఞులు మెదడులోనే వెదకుచు వచ్చిరి. ఆ వెదకులాట నేటికిని ముగియలేదు. అయితే ఇటీవలి దశాబ్దములలో మఱొక సత్యము స్పష్టపడినది. మెదడునకు కలుగు హానిలో గణనీయమైన భాగము మెదడు వెలుపల, శరీరమున, వ్యాధి బయటపడుటకు ఇరువదియేండ్ల ముందునుండియే సిద్ధమగుచుండును. రక్తములోని చక్కెర, రక్తపు పోటు, నడుము చుట్టును పేరుకొను క్రొవ్వు, నిద్రలేమి, విరామ మెఱుగని చింత - ఇవి నడివయసున పడు విత్తనములు. వాని పంట ముదిమిని చేతికి వచ్చును. కావున వృద్ధుల మతిమఱపు వృద్ధుల సమస్య మాత్రమే కాదు. నలువది, ఏబది యేండ్ల వయసున సంసారభారము మోయుచున్న వారి సమస్య. ఈ సంగతినే నేడు పాఠకుల యెదుట నుంచదలచితిమి.

చితికిని చింతకును సున్న యొక్కటియే భేదమని మన పెద్దలు చెప్పుచుందురు. అది నీతివాక్యము. చింత శరీరమును దహించు విధ మెట్టిదో శాస్త్రము ఇరువదవ శతాబ్దమున గాని చూపజాలలేదు. భయము గాని, కోపము గాని కలిగినపుడు గుండె వేగముగ కొట్టుకొనుట, రక్తమున చక్కెర పెరుగుట మొదలగు మార్పులను అమెరికాలోని హార్వర్డు విద్యాలయమున వాల్టర్ కానన్ పరిశీలించి, పోరాడుటకో పారిపోవుటకో శరీరము చేసికొను సన్నాహమే యిదియని 1915లో గ్రంథము వ్రాసెను. 1936లో కెనడాలోని మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే మఱొక యడుగు ముందుకు వేసెను. ఎలుకలకు చలి కలిగించినను, గాయము చేసినను, విషద్రవ్యము నెక్కించినను, వాని శరీరములలో ఒకేవిధమైన మార్పు కలుగుట ఆయన గమనించెను. బాధ యేదైనను శరీరము పలుకు జవాబు ఒక్కటియే యని నాటికి తేలినది.

ఆ జవాబును పలికించునవి మూత్రపిండములపై టోపీలవలె నమరియున్న ఎడ్రినల్ గ్రంథులు. మెదడునుండి ఆజ్ఞ రాగానే అవి కార్టిసాల్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. ఈ కార్టిసాల్ శత్రువు కాదు. అది లేక మనుష్యుడు జీవింపజాలడు. తెల్లవారుజామున పెరిగి మనలను మేల్కొలుపునదియు, రాత్రి తగ్గి నిద్రకు దారి యిచ్చునదియు నదియే. ఆపద వచ్చినపుడు అది కాలేయముచేత చక్కెరను తయారుచేయించి రక్తములోనికి పంపును. ఇన్సులిన్ పనిని కొంత నిలిపివేయును. కఱవుకాలమున గాదె తెఱచి ధాన్యము కొలిచి యిచ్చు గృహస్థు చేయు పని యెట్టిదో యిది యట్టిది. కఱవు తీరగనే గాదె మూయవలెను. మూయక యేండ్ల తరబడి తెఱచియే యుంచినచో ఆ యింటిగతి యేమగును? ధాన్యము నేలపాలగును, ఎలుకలు చేరును, ఇల్లు చెడును. శరీరముగతియు నంతియే.

పులి యెదురైన భయము గడియలో తీరును. పులియో మనుష్యుడో యెవరో యొకరు వెనుదిరుగుదురు. అప్పులవాని భయము గడియలో తీరదు. ఉద్యోగము నేడో రేపో పోవునను భయము, బిడ్డ పెండ్లి కాలేదను దిగులు, పంట చేతికి వచ్చునో రాదో యను ఆందోళన - ఇవి సంవత్సరముల తరబడి నిలుచును. శరీరమునకు మాత్రము పులికిని అప్పులవానికిని భేదము తెలియదు. రెంటికిని అది గాదె తెఱచుటయే యెఱుగును. రక్తములోనికి వచ్చిన చక్కెర పరుగున ఖర్చు కాదు. కూర్చున్నచోటనే నిలిచి నడుముచుట్టు క్రొవ్వుగా మారును. ఇన్సులిన్ మాట కండలు వినవు. రక్తపు పోటు హెచ్చును. మధుమేహమునకు బాట యేర్పడును.

ఇది ఊహ కాదు. లండనులోని ప్రభుత్వోద్యోగులు పదివేలమందిని సుమారు పదునాలుగేండ్లు పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితములనుబట్టి, ఉద్యోగమున దీర్ఘకాలము ఒత్తిడికి లోనైనవారికి, ఒత్తిడి లేనివారికంటె రెట్టింపునకు మించి, నడుముచుట్టు క్రొవ్వు, చక్కెర, పోటు కలిసివచ్చు దుస్స్థితి కలిగెను. 1999లో చికాగో విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యవంతులగు 11 మంది యువకులను ఆఱు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రింపనిచ్చిరి. అంతమాత్రముననే వారి శరీరము చక్కెరను అదుపుచేయు శక్తి తగ్గెను. సాయంకాలమున తగ్గవలసిన కార్టిసాల్ హెచ్చుగా నిలిచెను. ఆఱు రాత్రుల ఫలమే యిట్టిదైన, ఇరువదియేండ్లు రాత్రిపనులు చేయు కార్మికుల సంగతి యేమనవలెను?

ఈ హార్మోను బలమెంతటిదో తెలియుటకు మనము విదేశములకు పోనక్కఱలేదు. కార్టిసాల్ జాతికి చెందిన స్టెరాయిడ్ మందులు 2020లో కోవిడ్ రోగులలో ప్రాణవాయువు అవసరమైనవారిని ఎందఱినో బ్రదికించినవి. ఆ మందులే 2021 వేసవిలో అవసరము లేనివారికిని, మితిమీరిన మోతాదులలోను వాడబడుటచేత చక్కెర విపరీతముగా పెరిగి, అనేకులు బ్లాక్ ఫంగస్ వాతబడిరి. కన్నులు పోయినవారును, ప్రాణములు పోయినవారును కలరు. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వము దానిని అంటురోగముల చట్టము క్రింద తప్పక తెలుపవలసిన వ్యాధిగా ప్రకటింపవలసివచ్చెను. సకాలమున ప్రాణదాత, అకాలమున ప్రాణాంతకము - కార్టిసాల్ స్వభావ మిదియే. మందురూపమున కొన్ని వారములలో చేసిన పనిని, శరీరములో పుట్టు హార్మోను మెల్లగా, కనబడకుండ, ఏండ్ల తరబడి చేయును.

ఇక మెదడు సంగతి. శరీరపు బరువులో మెదడు నూటికి రెండు వంతులు మాత్రమే. కాని శరీరము ఖర్చుచేయు శక్తిలో ఇంచుమించు ఐదవవంతు దానిదే. ఆ శక్తికి నాణెమువంటిదగు ఏ.టి.పి. యను పదార్థమును 1929లో లోకమునకు తెలిపినవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరని ఆంధ్రులు గర్వముతో స్మరింపవచ్చును. ఇంత ఖర్చుగల యవయవమునకు చక్కెర సరఫరాలో గాని, రక్తప్రసారములో గాని కలుగు లోపము త్వరలోనే తెలిసివచ్చును. అందును హిప్పోకాంపస్ అను భాగము మిక్కిలి సుకుమారమైనది. క్రొత్తవిషయములను జ్ఞాపకమున నిలుపునది అదియే. కార్టిసాల్ వచ్చి చేరు గ్రాహకములు ఆ భాగమున సమృద్ధిగా నున్నవని 1968లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థయందు బ్రూస్ మెక్‌యూయన్ ఎలుకలలో కనుగొనెను. ఇక చాలును, గాదె మూయుడని ఆజ్ఞ యిచ్చువానిలో హిప్పోకాంపస్ గూడ నొకటి. అది దెబ్బతిన్నచో ఆ యాజ్ఞ బలహీనమగును. కార్టిసాల్ మఱింత పెరుగును. పెరిగిన కార్టిసాల్ దానిని మఱింత దెబ్బతీయును. కావలివాడే రోగియైనపుడు ఇంటికి రక్షణ యెక్కడిది?

1998లో మాంట్రియల్ పరిశోధకులు కొలదిమంది వృద్ధులను గూర్చి ప్రకటించిన యొక పరిశీలనలో, ఏండ్ల తరబడి కార్టిసాల్ హెచ్చుచు వచ్చినవారి హిప్పోకాంపస్, ఇతరులదానికంటె నూటికి 14 వంతులు చిన్నదిగా నుండెను. జ్ఞాపకపరీక్షలలోను వారు వెనుకబడిరి. దీనివలన నిరాశ చెందనక్కఱలేదు. శరీరమే అపరిమితముగా కార్టిసాల్‌ను ఉత్పత్తిచేయు కుషింగ్ వ్యాధి యొకటి కలదు. ఆ రోగులకు చికిత్స చేసి కార్టిసాల్‌ను తగ్గించినపిమ్మట వారి హిప్పోకాంపస్ పరిమాణము తిరిగి కొంత పెరిగినట్లు 1999లో వెల్లడియైనది. హానికి కాలము కావలెను. కాలమున్నపుడు మేలుకొన్నచో కొంతహానిని మరల్పనువచ్చును. మా వాదమంతయు ఈ యొక్క మాటపై నిలిచియున్నది.

మధుమేహము నేరుగా మెదడునకు చేయు హానియు తక్కువది కాదు. హాలెండులోని రాటర్‌డాం నగరమున వేలకొలది వృద్ధులను పరిశీలించి 1999లో ప్రకటించినదానినిబట్టి, మధుమేహము గలవారికి మతిక్షయము కలుగు అవకాశము దాదాపు రెట్టింపుగా నుండెను. చక్కెర సూక్ష్మరక్తనాళములను గట్టిపఱచి మూసివేయును. కన్నునకును మూత్రపిండములకును చేయు హానినే అది మెదడునకును చేయును. కన్ను మసకబారిన తెలియును. మెదడులో చిన్ననాళములు ఒకటొకటిగా మూతపడుట రోగికిని తెలియదు, ఇంటివారికిని తెలియదు. ఇక మన దేశపు సంగతి చూడుడు. భారత వైద్యపరిశోధన మండలివారి పక్షమున జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వేక్షణమునుబట్టి, 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము కలదు. మఱి 13 కోట్ల 60 లక్షలమంది దాని వాకిట నిలిచియున్నారు. మన జాతికి మఱొక విశేషముకూడ కలదు. చూచుటకు సన్నగా నుండియు లోపల, ముఖ్యముగా ఉదరమున, క్రొవ్వు మోయు దేహము మనవారిలో పెక్కుమందిది. నేను లావుగా లేనుగదా, నాకు చక్కెర యెందులకు వచ్చునను ధైర్యము మనకు తగదు. నేటి ఈ కోట్ల మధుమేహమే, అదుపు లేక సాగినచో, ఇరువదియేండ్ల తరువాతి లక్షల మతిక్షయమగును.

ఇచట ఒక జాగ్రత్త చెప్పుట మా విధి. చింత యొక్కటియే ఈ వ్యాధిని తెచ్చునని గాని, చక్కెర తగ్గింపగనే మతి నిలుచునని గాని మేము చెప్పుట లేదు. శాస్త్రమును అట్లు చెప్పదు. వంశపారంపర్యముగా వచ్చు కారణములు కలవు. ఏ జాగ్రత్తకును లొంగక వచ్చు వ్యాధియు కలదు. కావున మతిక్షయము వచ్చినవారిని చూచి, మీరు సరిగా బ్రదుకలేదు గావున వచ్చినదనుట క్రూరత్వము. అంతేకాదు. మధుమేహము ముదిరినవారిలో చక్కెరను మిక్కిలి కఠినముగా తగ్గించి చూచిన యొక పెద్ద పరీక్షలో జ్ఞాపకశక్తి మెఱుగుపడలేదని 2011లో తేలినది. చక్కెర మితిమీరి పడిపోయి ఆసుపత్రి చేరిన వృద్ధులలో తరువాత మతిక్షయము హెచ్చుగా కనబడినదని 2009లోనే మఱొక పరిశీలన తెలిపినది. కావున ముదిమిని వైద్యుని యడుగకుండ మందు పెంచుట మేలు కాదు. ఈ ఫలితములు మా వాదమును కొట్టివేయుట లేదు, బలపఱచుచున్నవి. వఱద వచ్చినపిమ్మట గట్టు వేయుట కష్టము. వేసవిలోనే వేయవలెను. మతికి నడివయసే వేసవి.

ఈ మాట చెప్పగనే కొందఱు, అట్లైన జనులు చింతను మానవలెను, యోగము చేయవలెను, మితముగా భుజింపవలెను అని ఉపదేశించి తమపని తీరినదనుకొందురు. ఉపదేశము మంచిదే. కాని చింత ఎవరికి హెచ్చు? పెద్ద యధికారులకే ఒత్తిడి యెక్కువయని లోకుల యభిప్రాయము. లండను ప్రభుత్వోద్యోగులనుగూర్చి 1967లో మొదలైన పరిశీలన దీనిని తలక్రిందులు చేసినది. అట్టడుగు తరగతి నౌకరులలో మరణములు పై తరగతి యధికారులలోకంటె సుమారు మూడురెట్లుండెను. పొగత్రాగుట మొదలగు కారణములు ఈ భేదములో కొంతభాగమును మాత్రమే వివరింపగలిగినవి. పని యెక్కువగుటకంటె, తన పనిమీద తనకు అధికారము లేకుండుట మనుష్యుని హెచ్చుగా కృశింపజేయునని ఆ పరిశోధనల పరంపర సూచించుచున్నది. వడ్డీకి తెచ్చిన పెట్టుబడి వానలపాలైన కౌలురైతునకును, రాత్రియంతయు మేల్కొని కాపలాకాయు వానికిని, తెల్లవారకముందే లేచి నాలుగిండ్ల పాచిపని చేయు స్త్రీకిని, చింతింపవలదని చెప్పుట ఆకలిగొన్నవానికి ఉపవాసమహిమ బోధించుటవంటిది. చింతకు కారణమైన అప్పును, అనిశ్చితిని, నిద్రలేని పనివేళలను తగ్గింపక, చింతనుమాత్రము తగ్గించుకొనుమనుట న్యాయము కాదు.

మఱి చేయదగిన దేమియు లేదా? కలదు, చాల కలదు. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణసంఘము 2024లో ప్రకటించిన నివేదికలో, ప్రపంచమందలి డిమెన్షియాలో నూటికి 45 వంతులవఱకు, సవరింపదగిన 14 కారణములతో ముడిపడియున్నదని లెక్కగట్టినది. అందు మధుమేహము, రక్తపు పోటు, స్థూలకాయము, వ్యాయామలోపము, పొగత్రాగుట, దిగులు, ఒంటరితనము, చదువు లేమి, చెవుడు, చికిత్సలేని దృష్టిలోపము మొదలైనవి కలవు. ఫిన్లండులో అఱువది మొదలు డెబ్బదియేడేండ్ల వయసుగల 1,260 మందిని తీసికొని, వారిలో ఒక సగమునకు రెండేండ్లు తగిన ఆహారము, వ్యాయామము, బుద్ధికి అభ్యాసము, పోటు చక్కెరల పరీక్ష - ఈ నాల్గింటిని కలిపి యేర్పాటుచేయగా, వారి బుద్ధిబలము మిగిలినవారికంటె మెఱుగుగా నుండెనని 2015లో తేలినది. 2019లో వెలువడిన అమెరికా పరీక్షయందు రక్తపు పోటును గట్టిగా అదుపుచేయబడినవారిలో స్వల్పమతిలోపము తగ్గినది. పూర్తి డిమెన్షియా విషయమున మాత్రము ఆ పరీక్ష నిశ్చితమైన ఫలితము నీయలేదు. ఇందలి సాధనములు దుర్లభములు కావు. పోటు మాత్ర, నడక, పప్పు కూరలు హెచ్చించి అన్నమును మితపఱచిన విస్తరి, మాటాడుటకు నలుగురు మనుష్యులు - ఏ పల్లెకైనను అందదగినవే.

మన హైదరాబాదే ఈ విషయమున లోకమునకు ఒక పాఠము చెప్పినది. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడిగారును వారి సహచరులును 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించినదానినిబట్టి, రెండు గాని అంతకు మించి గాని భాషలు మాటాడువారికి వ్యాధి, ఒక్క భాషయే యెఱిగినవారికంటె నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా వచ్చినది. చదువురానివారిలోను ఈ భేదము కానవచ్చినది. తెలుగు, ఉర్దూ, హిందీ భాషలు వీధిలో కలిసిమెలసి వినబడు నగరమున ఇది తేలుట ముచ్చటయే. వాడుచున్న బుద్ధి త్వరగా త్రుప్పుపట్టదనుటకు ఇది నిదర్శనముగా తోచుచున్నది. పెద్దలను ఒక మూల మంచముపై కూర్చుండబెట్టి, మీకెందులకు, మేము చూచుకొందుమని వారిచేతి పనియు, నోటి మాటయు లాగివేయు మర్యాదను మనము పునర్విమర్శ చేసికొనవలసియున్నది.

మఱొక వర్గమునుగూర్చి మాటాడకున్న ఈ వ్యాసము అసంపూర్ణమగును. మతిచెడిన పెద్దలకు సేవచేయువా రెవరు? భార్య, కూతురు, కోడలు. రాత్రి లేచి తలుపు తీసికొని వెడలిపోవు మామగారిని కాచుకొని, తినిన సంగతి మఱచి అన్నము పెట్టలేదని నిందించు అత్తగారిని ఓర్చుకొని, పగలు ఇంటిపనియు పొలముపనియు చేయు ఆ యిల్లాలికి నిద్ర యెక్కడిది? 1995లో అమెరికాలోని ఒహాయోలో జరిగిన యొక పరిశోధనమున, డిమెన్షియా రోగులగు బంధువులకు సేవచేయు స్త్రీల చేతిపై చేసిన చిన్నగాయము మానుటకు, అదే వయసుగల ఇతర స్త్రీలకంటె తొమ్మిది దినములు హెచ్చుగా పట్టినది. చిన్నగాయమే యట్లు మానకున్న, నిద్రలేని యేండ్లు ఆ శరీరమున చేయు గాయముల లెక్క యేది? నడివయసున ఆఱుగంటలు గాని అంతకు తక్కువ గాని నిద్రించుచు వచ్చినవారికి తరువాత డిమెన్షియా సుమారు నూటికి 30 వంతులు హెచ్చుగా కనబడెనని 2021లో లండనునుండి వెలువడిన మఱొక పరిశీలన తెలిపినది. అత్తగారి వ్యాధి కోడలి శరీరమున తన విత్తనమును నాటి పోవుచున్నది. దీనిని కుటుంబధర్మమని కొనియాడి ఊరకుండుట సంఘమునకు గౌరవము కాదు.

ప్రభుత్వమువారికి మా విన్నపము స్పష్టము. డెబ్బదియేండ్లు దాటినవారికెల్ల, ఆదాయభేదము లేక, ఏటా 5 లక్షల రూపాయలవఱకు ఆసుపత్రి చికిత్స నిచ్చు పథకము 2024లో ఆరంభమైనది. అది మెచ్చదగినదే. కాని మతిక్షయము డెబ్బదియవ యేట ఆసుపత్రి మంచముపై పుట్టదు. నలువదియైదవ యేట, మందు కొనుట మానిన యింట పుట్టును. అందుచేత మొదటి ఖర్చు అచ్చట జరుగవలెను. ముప్పదియేండ్లు దాటినవారికి గ్రామములలోనే పోటును, చక్కెరను పరీక్షించు కార్యక్రమము మనకు కలదు. పరీక్షించి చీటి యిచ్చుటతో పని తీరదు. మాత్ర ప్రతినెలయు ఇంటిదగ్గఱ దొరకవలెను, మానినవానిని వెదకి పిలుచువారుండవలెను. 2017లో ఆరంభమైన రక్తపు పోటు నివారణ కార్యక్రమమునకు మొదట ఎన్నుకొనబడిన ఐదు రాష్ట్రములలో తెలంగాణము ఒకటి. ఒకే చికిత్సాక్రమము, తఱుగని మందులు, రోగి రాకపోకల లెక్క - ఈ సులభమార్గమును మధుమేహమునకును విస్తరించి, రెండు తెలుగు రాష్ట్రములలోను ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకును చేర్చవలెను.

రెండవది. అఱువది దాటినవారికి అచ్చటనే, చదువురానివారికిని తగునట్లు తెలుగున, జ్ఞాపకశక్తి పరీక్షయు, చెవి కన్నుల పరీక్షయు జరుపవలెను. మూడవది. వైద్యుని చీటి లేక అమ్మరాదని చట్టమున్నను, నొప్పులకు, ఆయాసమునకు స్టెరాయిడ్ మాత్రలును సూదిమందులును యథేచ్ఛగా వాడబడుచున్నవి, దీనిని అరికట్టవలెను. అయితే వైద్యుని సలహాపై వాడువారు హఠాత్తుగా మానరాదనియు చెప్పవలెను; అట్లు మానుట ప్రాణాపాయకరము. నాల్గవది. రాత్రిపనివారి పనివేళలకును విశ్రాంతికిని న్యాయమైన నియమములుండి అవి అమలుకావలెను. అయిదవది. మతిచెడిన పెద్దలను పగటివేళ చూచుకొను ఆలయములు మండలమునకొకటి యైనను ఏర్పడవలెను; సేవచేయు స్త్రీకి వారమున ఒక దినమైనను విశ్రాంతి లభింపవలెను. కేరళ రాష్ట్రము 2014లోనే ఈ మార్గమున అడుగిడినది. మనము వెనుకబడియుండనేల?

ప్రజలకును మా మనవి కలదు. ముప్పది దాటినవారు ఏటికొకసారి పోటును, చక్కెరను చూపించుకొనుడు, నడుముకొలతను గమనించుడు. చక్కెర తగ్గినదని మందు మానకుడు. మందువలననే తగ్గినదని తెలిసికొనుడు. నిద్రను సోమరితనముగా భావింపకుడు. పిల్లలకు పరీక్షలపేర, పనివారికి లాభములపేర దానిని హరింపకుడు. ఇంటి పెద్దలు ఒకేప్రశ్నను పదిసార్లు అడుగుచున్నచో, లెక్కలు తప్పుచున్నచో, స్వభావము మారుచున్నచో, విసుగుకొనకుడు, నవ్వకుడు, వైద్యునికి చూపుడు. థైరాయిడ్ లోపము, బి-12 విటమిను లోపము, దిగులు మొదలగు చికిత్సకు లొంగు కారణములచేతను అట్టి మఱపు కలుగవచ్చును.

మన గ్రామముల చెఱువుగట్ల చరిత్రము, పంటల మర్మము, పాటలు, సామెతలు, చుట్టరికముల వరుసలు - వీనిలో కాగితమున కెక్కినవి స్వల్పము. పెద్దల తలలలో నున్నవి అనంతము. ఒక్కొక్క వృద్ధుని మతితోపాటు ఇవియు మాయమగుచున్నవి. ఆయువును పొడిగించుటలో మనము కొంత విజయము సాధించితిమి. పొడిగించిన యాయువులో మనుష్యుడు తన బిడ్డలను గుర్తుపట్టగలుగవలెను గదా! అందులకు కావలసిన పని రేపటి వృద్ధుల విషయమున నేడే, వారింకను నాగలి పట్టుచు, యంత్రము నడుపుచు, పొయ్యి రాజేయుచున్న యీ దినములలోనే జరుగవలెను. ప్రభుత్వమును ప్రజలును ఈ కర్తవ్యమును గుర్తింతురుగాక యని మేము కోరుచున్నాము.